కౌజు బరువు

మొత్తం 1,096 కిలోలు

తగ్గింపు వివరం రాసి పంపమన్నారు గనక రాస్తున్నాను. ప్రతి తూకానికీ ముందు బండిలోంచి ఏం తీశారో, తీశాక బండి ఎలా ఉందో యజమాని స్వయంగా రాయాలట. రోడ్డు మండలిలో ఇది చదివేదెవరో నాకు తెలియదు. చదువుతుంటే ఒళ్ళు మండితే మండనివ్వండి. రాస్తున్న నాకూ మండుతోంది.

పేరు హైమావతి. ఉండేది ఏడో కట్టు వీధి. మంచినీటి ప్లాంటులో ఉద్యోగం. బండి స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, ఎర్ర రంగు. పెట్రోలు కాలం నాటి ఇంజనుని చెరకు స్పిరిట్‌కి మార్పించాను. మీ కాగితాల్లో దానికి నంబరుంటుంది, మా ఇంట్లో పేరుంది. కౌజు. చిన్నది, లేచిందంటే దొరకదు, అందుకని ఆ పిట్ట పేరు పెట్టుకున్నాను. కొన్న పందొమ్మిదేళ్ళలో దాని స్టీరింగు మీద నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. మా ఆయన కామేశం గారి చెయ్యి కూడా పడలేదు. అడిగారు, ఇవ్వలేదు.

సముద్రం మీద తేలే వీధిలో ఉండేదానికి ఇలాంటి కారు దేనికని మీ గేటు దగ్గరికొచ్చే ప్రతి కొత్త అధికారీ అడుగుతాడు. ఇక్కడ ఒకసారి రాసేస్తే మళ్ళీ అడగరని ఆశ. మా ఆయనకి రెండు కిడ్నీలూ పనిచేయవు. వారానికి మూడుసార్లు గట్టు మీది ఆసుపత్రిలో డయాలసిస్ చేయించాలి. గట్టుకీ మాకూ మధ్య నలభై కిలోమీటర్ల బల్లకట్టు రోడ్డు. ఆటుపోట్లు చూసుకుని మీరు గేటు తెరిచి ఉంచేది ఆరు గంటలు. అందులో నాలుగు గంటలు ఆయన మెషీను మీదే ఉండాలి. మిగిలిన రెండు గంటలూ మీ బస్సుకి ఒకవైపు ప్రయాణానికే చాలవు. బస్సులో వెళ్ళినవాళ్ళు సగంలో సూదులు పీకించుకుని రావాలి, లేదా మళ్ళీ గేటు తెరిచేదాకా ఆసుపత్రి మెట్ల మీద పడి ఉండాలి. మా వీధి చివరింటి పాపాయమ్మ గారు సగం సగం రక్తశుద్ధితో కొన్నాళ్ళు లాక్కొచ్చి, పోయారు. కౌజుకి పోను అరగంట, రాను అరగంట. సరదాకి కొన్నదే, కాదనను. ఇప్పుడు మా ఆయన ప్రాణం దాని చక్రాల మీద ఉంది.

పోయిన ఏడాది మనుషులతో కలిపి పదకొండు వందల కిలోలు దాటకూడదన్నారు. ఇప్పుడు వెయ్యి అంటున్నారు. ఎందుకని అడిగితే వీధి అంచున వేసిన ఎర్ర గీత చూపిస్తారు. నీళ్ళు ఆ గీతని ముట్టుకుంటే వీధి బరువెక్కినట్టు. కింద తేలే డబ్బాలు పాతబడి, గుల్లలు పట్టి, లోపల నీరు చేరితే వాటిని మార్చడం మీకు చేతకాదు. బండ్లని మాత్రం చిక్కిపొమ్మంటారు. మీ మండలి లారీ, నాలుగు టన్నులది, రోజూ మా కళ్ళముందే తూకం లేకుండా దాటిపోతుంది. దానికి మినహాయింపు పత్రం ఉందట. సముద్రం ఆ పత్రం చదువుతుంది కాబోలు.

మొత్తం 1,049 కిలోలు

తీసినవి: స్టెప్నీ టైరు, జాకీ, కార్పెట్లు, వాటి కింద చప్పుడు రాకుండా అంటించిన తారు అట్టలు, తలుపుల్లో కుక్కిన దూది పరుపులు.

తారు అట్టలు ఉప్పుగాలికి బండబారిపోయాయి. ఆదివారాలు ఇంటి కింద డబ్బాలకి పట్టిన గుల్లలు గీకే పార ఉంటుంది కదా, దానితోనే గీకాను. ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఎక్కడ అతుక్కుని మిగిలిందో వేలితో చూపిస్తూ ఉన్నారు. పని చెయ్యలేని మనిషికి పర్యవేక్షణ ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది.

పందెంలో తిప్పే కారైతే ఉన్నవన్నీ పీకి పారెయ్యచ్చు. ఇది రోడ్డు మీద తిరగాల్సిన కారు. హారను ఉండాలి, దీపాలుండాలి, వైపరుండాలి, బెల్టులుండాలి. రాసింది మీరే. బరువు మాత్రం ఉండకూడదు.

తీశాక బండి ఎలా ఉందంటారా. రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. ఇదివరకు ఆ అరగంట మా ఇద్దరిదీ. ప్లాంటు నుంచి అలిసిపోయి వచ్చి ఇంట్లో నేను ఎవరితోనూ మాట్లాడను. కారులో మాత్రం ఆయన చెబుతుంటే వింటాను. ఎవరింట్లో ఎవరు అలిగారు, పక్కింటి పిల్లి ఎవరి చేప ఎత్తుకుపోయింది, అన్నీ పోసుకొస్తారు. ఇప్పుడు రెండు మాటలు అరిచి గొంతు పట్టేసి ఊరుకున్నారు. నెమ్మదిగా పొమ్మనాలంటే నా మోకాలి మీద వేలితో తడుతున్నారు.

సాయంత్రం వీధి పెద్ద పుల్లంరాజు గారు వచ్చారు.

“చెల్లెమ్మా, గోడకి మేకులు కొట్టించలేదేవమ్మా?”

“దేనికండీ అన్నయ్యగారూ?”

“తీసిన సామాను తగిలించొద్దూ. కట్టు మొత్తం మీద మీ గోడొక్కటే బోసిగా ఉంది. చూసేవాళ్ళు ఏవనుకుంటారు? హైమావతి ఏవీ తగ్గించలేదనుకోరూ?”

మా వీధి ఆచారం మీకు తెలిసే ఉంటుంది, ఏటా వచ్చి దండలు వేసేది మీరే కదా. బండిలోంచి తీసిన ప్రతి వస్తువునీ ఇంటి ముందు గోడకి తగిలించాలి. ఎంత పెద్ద వస్తువు తీస్తే అంత గౌరవం. పుల్లంరాజు గారి గోడ మీద వ్యాను తలుపులు నాలుగూ వరసగా ఉంటాయి, ప్రతి శుక్రవారం వాటికి పసుపు రాస్తారు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ముందు గోడ చూసి తరువాత పిల్లని చూస్తున్నారు. నాకు ఈ పిచ్చి నచ్చదు. అయినా నలుగురి నోళ్ళకి జడిసి మేకులు కొట్టించాను.

మొత్తం 997 కిలోలు

తీసినవి: ఏసీ మొత్తం, స్టీరియో, స్పీకర్లు. మార్చినవి: ఇనుప బానెట్టు తీసి ఫైబరుది, సీసం బ్యాటరీ తీసి తేలికది. కొత్త బానెట్టు, కొత్త బ్యాటరీ గట్టు నుంచి మీ లారీలోనే వచ్చాయి. పాతవి గోడెక్కాయి.

ఏసీ తీసేశాక ఎండలో ఆ అరగంట ఎలా ఉంటుందో మీలో ఒక్కరైనా వచ్చి కూర్చుంటే బాగుంటుంది. మామూలు మనిషైతే చెమట పట్టినకొద్దీ నీళ్ళు తాగుతాడు. ఆయనకి ఆ భాగ్యం లేదు. రోజుకి ఇన్ని గుక్కలని లెక్క. తడి తువ్వాలు మెడకి చుట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అద్దం దించుతామంటే ఉప్పు జల్లు మొహాన కొడుతోంది.

గేటు దగ్గర ఉన్నది ఏసుపాదం అనే కుర్ర అధికారి. నిజానికి మర్యాదస్తుడే. తూకం ముల్లు చూసి, “పాసయ్యిందండమ్మగారూ” అని తనకే మార్కులొచ్చినట్టు నవ్వాడు. తూకం గది, మండలి ఆఫీసు రెండూ కలిపి విడిగా ఇంకో బల్లకట్టు మీద ఉంటాయి. వాటి డబ్బాలు కొత్తవి. వాటి ఎర్ర గీత నీటికి జానెడు పైన నిగనిగలాడుతోంది. గుమ్మం ముందు ప్లాస్టిక్ పూలకుండీలు కూడా పెట్టుకున్నారు.

తగ్గించమన్నారు, తగ్గించాను. ఇక నా జోలికి రారనుకున్నాను.

మొత్తం 949 కిలోలు

వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు. ఏడో కట్టులో ఎర్ర గీత ఇంకా పైకి రాలేదు గనక పరిమితి తొమ్మిది వందల యాభై. గీత పైకి రాకపోతే తప్పు డబ్బాలదై ఉండచ్చన్న ఆలోచన మీకెవరికీ రాలేదు. ఆ ఉత్తర్వు ముక్కలుగా చించి పొయ్యిలో పెడదామనుకున్నాను. దాని వెనకవైపు కొత్త తూకం తేదీ ఉంది, అందుకని దాచాను.

తీసినవి: రెండు సీట్లు, తలుపుల అద్దాలు, అద్దాలెత్తే మోటార్లు. మార్చినవి: సీట్ల బదులు పల్చటి ఫైబరు గుల్ల సీట్లు, అద్దాల బదులు ప్లాస్టిక్ పలకలు. గుల్ల సీటుకి మెత్త లేదు. డయాలసిస్ అయి వచ్చేటప్పుడు ఆయన నడుము కింద నా శాలువా మడిచి పెడుతున్నాను. శాలువా బరువు కూడా ఇందులో చేరిందని మనవి.

ఇంత పీకినా లెక్క ప్రకారం ఇంకా నాలుగు కిలోలు ఎక్కువ రావాలి. ప్లాంటులో పీపాలు తూచే కాటా మీద చూస్తే ఒకటి తక్కువే వచ్చింది. నాకు భలే సంతోషం వేసింది. లెక్క ఎక్కడో తప్పాననుకున్నాను.

తప్పలేదు. ఆసుపత్రి నర్సు ఫోను చేసింది. “మేడమ్, సారు ఏవైనా పస్తులుంటున్నారాండి? నీరు కాదండి తగ్గింది, కండ తగ్గిపోతందండి.”

ఇంటికెళ్ళి చూద్దును కదా, వెనక వరండాలో కూర్చుని కంచంలో అన్నం ముద్దలు చేసి చేపలకి వేస్తున్నారు. నన్ను చూసి కంచం దాచబోయారు.

“ఎన్నాళ్ళనుంచి?” అన్నాను.

“నువ్వు కారుని అలా చెక్కుతుంటే చూడలేకపోయాను హైమా. అది నీ ప్రాణం. నేనూ కొంచెం తగ్గితే దాన్ని కొంచెం మిగల్చచ్చు కదా అని.”

నాకొచ్చిన కోపం ఏ కాటా మీదా తూగదు. కంచం లాక్కున్నాను. నోటికొచ్చినట్టు తిట్టాను. మీరు పోతే ఆ కారులో ఎవర్ని కూర్చోబెట్టుకుని తిప్పాలి, ఈ చేపల్నా అన్నాను. పక్కింటివాళ్ళు కిటికీలు తెరిచి విన్నారు, విననివ్వండి. మళ్ళీ వండి, కూర్చుని, నా చేత్తో తినిపించాను. తింటుంటే ఆయనకి కళ్ళనీళ్ళు కారాయి. అవీ బరువేనని మీరంటారేమో.

మొత్తం 954 కిలోలు

ఏసుపాదం ముల్లు చూసి తల గోక్కున్నాడు. “నాలుగు కిలోలెక్కువుందండమ్మగారూ.”

“ఆ రోజునుంచి ఆయనకి దగ్గరుండి అన్నం పెడుతున్నాను. ఆ నాలుగు కిలోలూ అదే.”

చెప్పులు విప్పేశాం. శాలువా తీసేశాను. పానాలు ముందే ఇంట్లో పెట్టి వచ్చాను. స్పిరిట్ కూడా వెళ్ళి రావడానికి సరిపోయేంతే పోశాను. ముల్లు రెండు కిలోలు దిగి అక్కడే నిలబడింది.

“అయ్యగార్ని బస్సెక్కించెయ్యండమ్మగారూ.”

“బస్సు వెళ్ళిపోయింది. ఉన్నా ఎక్కించను. అందులో వెళితే సగంలో సూదులు పీకేస్తారు. మీ నాన్ననైతే ఎక్కిస్తావా?”

“నేను గేటు కర్ర ఎత్తితే నా ఉద్యోగం పోద్దండి. నన్నేం చెయ్యమంటారు చెప్పండి.”

గేటు తెరిచిన దగ్గరనుంచీ సమయం కారిపోతోంది. కారంతా చూశాను. హారను, దీపాలు, వైపరు తియ్యకూడదు. బ్రేకులు తియ్యలేను. ఆయన్ని తియ్యను. తియ్యడానికి మిగిలింది నేనే.

దిగి తాళాలు ఆయన చేతిలో పెట్టాను. “రెండో గేరు మొండికేస్తుంది. తోసెయ్యకండి, ఆగి వెయ్యండి.”

“పందొమ్మిదేళ్ళుగా పక్కన కూర్చుని చూస్తున్నాను హైమా” అన్నారు. డయాలసిస్ అయ్యాక ఆయనకి కళ్ళు తిరుగుతాయని ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు. కర్ర లేచింది. నా కారు నన్ను గేటు దగ్గర దింపేసి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. మా వీధి అంచున కాళ్ళు వేలాడేసుకుని కూర్చున్నాను. ఎర్ర గీత నా కాళ్ళ పక్కనే, నీటికి వేలెడు కింద ఉంది. ఏడాది నుంచి వీధిలో బండ్లన్నీ సగానికి సగం చిక్కిపోతే ఈ గీతకి ఏం రోగం, పైకి ఎందుకు రాదు అని దాన్నే తిట్టుకుంటూ తల తిప్పాను. ఎదురుగా మా గోడ. ఏసీ, బానెట్టు, సీట్లు, టైరు. దాని పక్క గోడ, దాని పక్క గోడ, వీధి చివరిదాకా ఇనుము.

లేచి పుల్లంరాజు గారింటికి వెళ్ళాను. ఆయన తలుపులు తుడుస్తున్నారు.

“అన్నయ్యగారూ, మీ వ్యాను తలుపులు ఎక్కడున్నాయి?”

“కనపడతన్నాయి కదమ్మా, గోడ మీద.”

“గోడ ఎక్కడుంది?”

“ఇంటికుంది.”

“ఇల్లు దేనిమీద ఉంది?”

ఆయన కిందకి చూశారు. ఇల్లూ రోడ్డూ ఒకే డబ్బాల మీద ఉన్నాయి. బండిలోంచి తీసి గోడకి తగిలిస్తే వీధికి గ్రాము కూడా తగ్గదు. పైపెచ్చు పాత తలుపుల బదులు గట్టు నుంచి కొత్త తలుపులు వచ్చాయి, పాతవి ఇక్కడే ఉండిపోయాయి. తగ్గించినకొద్దీ బరువెక్కాం. ఆ సామాను గట్టుకి చేరవేద్దామంటే బరువున్న బండిని మీరు గేటు దాటనివ్వరు. సముద్రంలో పారేద్దామంటే చేపల వలల మీద పడుతుంది. ఏటా వచ్చి ఈ గోడలకి దండలు వేసి, గీత చూసి, ఇంకా తగ్గించండి అని వెళ్ళిపోయారు మీరు. తెలివిగలవాళ్ళమని అనుకున్న మేమూ చప్పట్లు కొట్టాం.

“నలుగురికీ చెప్పకమ్మా, పరువు పోద్ది” అన్నారు పుల్లంరాజు గారు, చేతిలో గుడ్డ నలుపుకుంటూ.

గేటు మూసే వేళకి కౌజు వచ్చింది. ఎడమవైపు ముందు చక్రం నుంచి వెనక దీపం దాకా రంగు లేచిపోయి రేకు కనిపిస్తోంది. ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. స్టీరింగు వదలమన్నా వేళ్ళు వదలడం లేదు, నేనే ఒక్కొక్కటీ విడదీశాను.

“ఒకచోట కళ్ళు మూతలు పడ్డాయి. రెయిలింగు ఆపింది” అన్నారు. “కారు పాడుచేశాను, తిట్టకు.”

తిట్టలేదు. తిట్టవలసింది ఆయన్ని కాదు.

తూకం వెయ్యలేదు

మర్నాడు పొద్దున్నే గోడ మీది పాత సీటు తీసి నెత్తిన పెట్టుకుని గేటుకి నడిచాను. మీ ఆఫీసు గుమ్మంలో, పూలకుండీల పక్కన దింపాను.

ఏసుపాదం పరుగున వచ్చాడు. “ఇక్కడెట్టకూడదండమ్మగారూ.”

“ఎక్కడ రాసుంది? నడిచొచ్చేవాళ్ళకి తూకం లేదని మీ బోర్డు మీదే ఉంది. తగ్గించిన సామాను మండలికి అప్పగిస్తున్నాను. రాసుకో.”

వెనక్కి వెళ్ళి బ్యాటరీ తెచ్చాను. మళ్ళీ వెళ్ళి బానెట్టు. జనం గుమ్మాల్లో నిలబడి చూశారు గానీ ఎవరూ కదల్లేదు. ఏసీ కంప్రెసరు మోస్తుంటే మధ్యలో చేతులు పడిపోయి రోడ్డు మీద కూర్చుండిపోయాను. ఎవరో వచ్చి రెండో వైపు పట్టుకున్నారు. తలెత్తితే పుల్లంరాజు గారు. ఆయన రెండో చంకలో పసుపు రాసిన వ్యాను తలుపు ఉంది.

“నిన్న మీ ఆయన్ని చూశానమ్మా” అన్నారు.

ఆయన కదిలాక వీధి ఆగుతుందా. సాయంత్రానికి మీ గుమ్మం, మెట్లు, తూకం గది చుట్టూ చోటు మిగల్లేదు. పూలకుండీలు ముందు వంకరగా నిలబడ్డాయి, తరువాత ఒక్కొక్కటే తేలుతూ గట్టు వైపు ప్రయాణం కట్టాయి. వాటికి ఎవరూ తూకం అడగలేదు.

మొత్తం 954 కిలోలు

ఇవాళ మళ్ళీ డయాలసిస్. స్టీరింగు దగ్గర నేను, ఎడమ సీట్లో ఆయన, నడుము కింద శాలువా. ముల్లు ఎక్కడ ఆగుతుందో నాకు ముందే తెలుసు, అక్కడే ఆగింది.

ఏసుపాదం ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకుని చీలమండ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఆఫీసు లోపల పెద్ద అధికారి కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకుని ఫోనులో లారీ కోసం అరుస్తున్నాడు. మీ ఎర్ర గీత ఎక్కడుందో కనపడలేదు. మా వీధిది మాత్రం నీటికి బెత్తెడు పైన ఎండలో ఆరుతోంది.

“గీత పైకి వచ్చింది చూశావా?” అన్నాను.

“చూశానండి.”

“నాలుగు కిలోలెక్కువున్నాం.”

వాడు ముల్లు వంక చూశాడు, మా ఆయన వంక చూశాడు, తరువాత తన కాళ్ళు చూసుకున్నాడు. లోపలికి చూడకుండా కర్ర ఎత్తాడు. “జాగ్రత్తగా వెళ్ళండమ్మగారూ” అన్నాడు. వాడి ఉద్యోగం మీద చెయ్యి వేశారంటే వీధిలో ఇంకా చాలా ఇనుముంది, మళ్ళీ మోసుకొస్తాం.

దారిలో ఆయన ఏదో చెప్పారు. వినపడలేదు. మళ్ళీ చెప్పారు. ఇంజను మోతలో పెదవులు కదలడం తప్ప ఏమీ తెలియలేదు. పోనీలే అన్నట్టు నా మోకాలి మీద వేలితో తట్టి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం నాకు నచ్చలేదు.

అందుకని, రోడ్డు మండలివారికి ఈ వివరంలో చివరి సంగతి. గోడ మీది సామానంతా మీకు అప్పగించాను గానీ కార్పెట్లు, తలుపుల దూది పరుపులు ఇవ్వలేదు. ఇవాళ సాయంత్రం వాటిని మళ్ళీ కారులో అతికిస్తున్నాను. వాటితో ఎంత బరువు పెరుగుతుందో తరువాతి తూకంలో మీరే చూసుకోండి. పక్కింటి పిల్లి ఈసారి ఎవరి చేప ఎత్తుకుపోయిందో నాకు ఇంతవరకూ తెలియలేదు.